ఎడమ మూలన పొడి అక్షరాలు

నాకు జవాబివ్వాలని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. ఒక కవితా సంకలనం సంపాదకుడికి మూడు ఉత్తరాలు రాశాను. మూడూ అందినట్టు సంతకాలతో కార్డులు తిరిగొచ్చాయి, అంతే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర వంగినప్పుడల్లా, తడిసి ఆరిన కాగితం వాసన తగిలి ఆ కోపం మళ్లీ లేస్తుంది. నాంపల్లి కోర్టు గోడ పక్కన, టార్పాలిన్ కింద, వేంకటరత్నం గారి టైపు మిషన్ దగ్గర కూడా వానాకాలంలో ఇదే వాసన వచ్చేది. ఆయనను మీరెవరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు బందరు వాడైన ఆయన తండ్రి గుమాస్తాగా వచ్చి, కుటుంబాన్ని వెంట తెచ్చుకున్నాడట. ఈయన కోర్టు దగ్గర అర్జీలు టైపు చేసి బతికారు. నేను నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి అబిడ్స్‌లో ఒక బట్టల కొట్లో పనికి కుదిరాను. నాలుగేళ్లలో యజమాని ఒక్కసారి కూడా నన్ను పేరుతో పిలవలేదు. "మూడో కౌంటర్" అనేవాడు. అది నేను మరిచిపోలేదు. ఆ కడుపుమంటతోనే 'నగరం' అని ఒక కవిత రాశాను. అప్పట్లో చదివిన కవితలన్నిటిలో పొగ, ఇనుము, ముఖాల్లేని జనం, గుండెల్లో బోలుతనం ఉండేవి. నేనూ అవే పేర్చాను. పత్రికకు పంపాలని టైపు కోసం ఆయన దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన చదివి కళ్లద్దాలు తీశారు. "బాగానే ఉందయ్యా. ఫిర్యాదు ఎవరి మీద?"

"నగరం మీద సార్."

"నగరానికి నోటీసు ఏ ఇంటికి పంపమంటావు?"

పక్కన నిలబడ్డ ఇద్దరు అర్జీదారులు నవ్వారు. వాళ్లలో పచ్చ తువ్వాలు వేసుకున్న మనిషి రెండుసార్లు నవ్వాడు. వేంకటరత్నం గారు మాత్రం నవ్వలేదు. ఏ అర్జీకైనా ముందు పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం ఉండాలని, అవి లేని కాగితాన్ని కోర్టు ముట్టుకోదని చెప్పారు. మనుషులకు ముఖాల్లేవని రాసేవాళ్లలో దగ్గరికెళ్లి చూసినవాళ్లు ఎందరని అడిగారు. ఆ తర్వాత, నా పక్క గదిలో ఎవరుంటారని అడిగారు. నాకు తెలియదు. కవితను టైపు చేయకుండానే మడిచి నా చేతిలో పెట్టారు. నలుగురి ముందు అలా చేయడం ఇప్పటికీ తప్పే అంటాను.

ఆ రోషంతోనే సాయంత్రం పక్క గది తలుపు తట్టాను. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన తలుపు తీసి, "ఏంది, ఏమన్న గావాల్నా?" అన్నాడు.

"ఏం లేదన్నా. నీ పేరు అడుగుదామని వచ్చిన."

"నాలుగేండ్లాయె నువ్వు గీడుండవట్టి. గిప్పుడు పేరెందుకు? ఖాళీ చేస్తున్నవా ఏంది?"

పేరు ఎల్లయ్య. బేగం బజార్‌లో మిర్చి బస్తాలు మోస్తాడు. గోడ అవతలి నుంచి వచ్చే ఏదో ఘాటుకు నాలుగేళ్లుగా తుమ్ముతున్నాను. అది అతని చొక్కాదని అప్పుడు తెలిసింది. నా తుమ్ములు అతనికీ తెలుసట. మనిషినే తెలియదు.

మర్నాడు ఇదంతా చెబితే వేంకటరత్నం గారు మెచ్చుకోలేదు. సొరుగులోంచి ఒక కార్బన్ కాపీ తీసి ఇచ్చారు. అర్జీలా టైపు చేసిన ఆయన కవిత అది. అందులో కొన్ని పాదాలు:

"పక్క గది దగ్గును పదేళ్లుగా ఎరుగుదును.
దగ్గే మనిషి పేరు ఎరుగను.
ఈ ఒప్పుకోలు నా ఇష్టపూర్వకంగా,
ఎవరి బలవంతమూ లేక రాసిచ్చినది."

ఎందుకో నా కోపం కాస్త తగ్గింది. కాగితం మీద ఆయన పేరు లేదు. కింద ఎడమ మూలన చిన్నగా 'వే.ర.' అని మాత్రం ఉంది. అదేమిటని అడిగితే, టైపు చేసినవాడి గుర్తు అక్కడే ఉంటుందని, సంతకం అర్జీదారుడిదని చెప్పారు.

"మరి గీ అర్జీదారుడు ఎవరు సార్?"

ఆయన రిబ్బన్ మార్చుకుంటూ కూర్చున్నారు. ఆ జవాబూ నాకు రాలేదు.

ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆయన దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. ఆయన పోయాక కూతురు సుశీల గారు కార్బన్ కాపీల ఫైలు నాకిచ్చారు. బషీర్‌బాగ్‌లో జరిగిన ఒక సభలో దాన్ని ఆ సంపాదకుడి చేతికిచ్చి, కవి పేరు నోటితో చెప్పాను. ఆయన ఫోనులో మాట్లాడుతూ తలాడించారు. పేరు, వివరాలు రాసిన కవరింగ్ లెటర్ పెట్టలేదు. అన్నేళ్లు వేంకటరత్నం గారి పక్కన స్టూలు మీద కూర్చుని అర్జీ రాయడం నేర్చుకున్నవాడిని, నేనే పెట్టలేదు. ఈ తప్పు నాది.

సంకలనం వచ్చిన సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. ఫుట్‌పాత్ మీదే చూశాను. దగ్గు కవిత ఉంది. ఎడమ మూలన అక్షరాలు టైపిస్టువి అనుకుని తీసేశారు. పైన 'అజ్ఞాత కవి' అని వేశారు. పైగా ముందుమాటలో ఆ పేరులేనితనమే నగర ఏకాకితనానికి పరాకాష్ఠ అని రెండు పేజీలు మెచ్చుకున్నారు. చిరాగ్ అలీ లేన్‌లో ముప్పై ఏళ్లు కిరాయికున్న మనిషి అజ్ఞాతుడెలా అవుతాడు?

నేనిప్పుడు ఏ ఇంట్లో దిగినా మొదటి రోజే ఇరుగుపొరుగు పేర్లు అడుగుతాను. కొందరు అనుమానంగా చూస్తారు, కొందరు టీ ఇస్తారు. కవితలు రాయడం ఎప్పుడో మానేశాను, అడగడం మానలేదు.

సంపాదకులు గారూ, రెండో ముద్రణ అచ్చుకు పోతోందని విన్నాను. సుశీల గారు ఆ పుస్తకం ఇంకా కొనలేదు. నాన్న పేరు పడ్డాకే కొంటానన్నారు. మొన్న మొజంజాహీ మార్కెట్‌లో కనిపించి, ఏమైందని అడిగారు. ఆమెకు ఏం చెప్పమంటారు? పేరు వేస్తారా, వేయరా? ఏదో ఒకటి రాసి పంపండి.