టాయిలెట్ క్యాండిడేట్

మా ఎంపీ ఆరోగ్యం బాగోలేక రాజీనామా చేయడంతో మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. సౌత్ ఆక్లాండ్‌లో గోడౌన్లలో, కోళ్ళ ఫ్యాక్టరీల్లో, ఎయిర్‌పోర్టులో షిఫ్టులు చేసేవాళ్ళు ఉండే చోటు మాది. ఎప్పుడూ ఒకే పార్టీ గెలిచే సీటు. ఈసారి గట్టి పోటీ అని టీవీలో చెబుతుంటే నేను పట్టించుకోలేదు. రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి ఇంటికొచ్చాక నాకు వార్తలు వినే ఓపిక ఉండేది కాదు. ఆ పోటీలోకి మా ఆయన దిగుతారని కలలో కూడా అనుకోలేదు.

మా ఆయన బస్సు డ్రైవరు. ఒంగోలు నుంచి బిజినెస్ డిప్లొమా చదవడానికి వచ్చి, చదువు అయ్యాక ఆఫీసు ఉద్యోగం దొరక్క బస్సెక్కారు. ఎక్కాక ఆ పని నచ్చింది. నచ్చనిది ఒక్కటే. రూటు చివర డ్రైవర్లకు టాయిలెట్ లేదు. పక్కనున్న చిల్లర కొట్టాయన కొన్నాళ్ళు తనది వాడుకోనిచ్చి తరవాత తాళం వేసుకున్నాడు. మా ఆయనకు షుగరు. ఒకరోజు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చివరి స్టాపుకు చేరేలోపు ఆపుకోలేకపోయారు. తడిసిన ప్యాంటుతోనే మళ్ళీ వెనక్కి నడిపారు, ప్రతి స్టాపులో ఎక్కేవాళ్ళకు గుడాఫ్టర్‌నూన్ చెబుతూ. డిపోలో అందరూ దిగిపోయేదాకా సీట్లోంచి లేవలేదు.

ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అయితే ఊరికి ఉత్తరాన ఆల్బనీలో ఉండే ఒక తెలుగాయన వినాయక చవితి భోజనాల దగ్గర పరిచయమై, మాటల్లో పెట్టి చెప్పించుకున్నాడు. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. ఎదుటి మనిషి భుజం మీద చెయ్యి వేయనిదే మాట్లాడలేడు.

"తమ్ముడూ, ఇది నీ ఒక్కడి బాధ కాదు. డ్రైవర్లందరిదీ. ఇండిపెండెంట్‌గా నిలబడు. హోర్డింగులూ పాంప్లెట్లూ నేను చూసుకుంటా" అన్నాడు మా ఇంటికొచ్చి.

"మీది ఏ పార్టీ అన్నా?" అని అడిగారు మా ఆయన.

"నాకు పార్టీ ఏంటి? మనవాడు ఒకడు పైకి రావాలి. అంతే."

నేను వద్దన్నాను. మా ఆయన పనిచేసే డిపోలో యూనియన్ డెలిగేట్‌గా ఉన్న టోంగా దీవుల ఆవిడ కూడా వద్దంది. పెద్ద మనిషి, తనూ బస్సు నడుపుతుంది. మా వంటింట్లో కూర్చుని, "ఇక్కడెప్పుడూ గెలిచే మా పార్టీ క్యాండిడేట్ ఆఫీసులు తుడిచి పైకొచ్చిన మనిషి. టాయిలెట్ సంగతి ఆవిడ చేత నేను మాట్లాడిస్తాను. నువ్వు నిలబడితే చీలేది మన ఓట్లే" అని మెల్లగా చెప్పింది. మా ఆయన తల ఊపారు. వారం తిరిగేసరికి రోడ్డు మూలల్లో ఆయన ఫోటోతో హోర్డింగులు లేచాయి. మా పెళ్ళిలో కూడా ఆయన్ని అంత పెద్ద ఫోటో తీయలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం స్కూలు హాల్లో అభ్యర్థులందరి మీటింగు పెట్టారు. నేనూ, పద్నాలుగేళ్ళ మా అమ్మాయీ ముందు వరసలో కూర్చున్నాం. మా ఆయన రాసుకున్న కాగితం తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, ఆ రోజు బస్సులో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పేశారు. ప్యాంటు తడవడం, సీటు తుడవడం, అన్నీ. హాలంతా చప్పట్లు. వెనక డ్రైవర్లు లేచి నిలబడ్డారు. ఆఫీసులు తుడిచిన ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. మా అమ్మాయి మాత్రం తల దించుకుని తన బూట్లు చూసుకుంటోంది.

ఎన్నిక రోజున ఎవరు గెలిచిందీ తేలలేదు. తేడా అంత తక్కువ. బయటి ఊళ్ళలో వేసిన స్పెషల్ ఓట్లన్నీ లెక్కపెట్టాక ఫలితం వచ్చింది. ఆఫీసులు తుడిచిన ఆవిడ ఓడిపోయింది. మా ఆయనకు వచ్చిన ఓట్లు, ఆవిడ ఓడిన తేడా కంటే కాస్త ఎక్కువ.

ఏజెంటు ఫోన్ చేసి, "ఆదివారం పార్కులో బార్బెక్యూ ఉంది. ఫ్యామిలీతో రా. ఒక వంటకం తీసుకురా" అన్నాడు. ఎవరి బార్బెక్యూ అని మా ఆయన అడగలేదు. నేను పులిహోర చేశాను. వెళ్ళి చూస్తే అది గెలిచిన పార్టీ వాళ్ళ సంబరం. చెట్ల కింద వాళ్ళ రంగు బెలూన్లు. ఏజెంటు వాళ్ళ బ్యాడ్జి పెట్టుకుని సాసేజీలు తిప్పుతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యూపి, గెలిచినాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

కొత్త ఎంపీ మా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీరు లేకపోతే మేం గెలిచేవాళ్ళం కాదు, మేట్. చాలా పెద్ద ఉపకారం చేశారు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవరో, "అడుగో, మన టాయిలెట్ క్యాండిడేట్!" అన్నారు. ఇంకొకరు బీరు సీసా పైకెత్తారు.

మా ఆయన కూడా నవ్వారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో అప్పటికి ఆయనకు తెలియదు. థాంక్యూ, థాంక్యూ అంటూ అందరి చేతులూ కలుపుతున్నారు. ఆ మొహంలో సంతోషం చూడలేక, పులిహోర గిన్నె మూత తీయకుండానే చంకన పెట్టుకుని, "వెళ్దాం పదండి" అన్నాను.

కారు ఎక్కాక అడిగారు, "ఎందుకంత తొందర? మర్యాదగానే మాట్లాడాడుగా?"

చెప్పాను. ఆవిడ ఓట్లు చీల్చడానికే ఏజెంటు మిమ్మల్ని నిలబెట్టాడన్నాను. ఆయన కారు స్టార్ట్ చేయకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "డాడీ, నాకు స్కూల్లోనే తెలిసింది. అందరికీ తెలుసు" అంది.

సోమవారం డిపోలో ఆయన లాకరు తెరిస్తే పెద్దవాళ్ళ డైపర్లు కిందపడ్డాయి. తలుపు అతికష్టం మీద పట్టేంత కుక్కారు. ఆ హాల్లో లేచి నిలబడ్డ డ్రైవర్లే టీ తాగుతూ చూస్తున్నారు. మా ఆయన కింద పడ్డవాటిని ఒక్కొక్కటే ఏరి చెత్తబుట్టలో వేశారు. యూనియన్ ఆవిడ దగ్గరకు వెళ్ళి, "నాకు తెలియదు, నిజంగా" అన్నారట. ఆవిడ కప్పు కడుక్కుంటూనే, "నీ ఇంటికొచ్చి చెప్పాను" అని వెళ్ళిపోయింది. తరవాత నేను సూపర్‌మార్కెట్‌లో ఎదురైతే నా ట్రాలీ దాటుకుని పోయింది.

మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు వదిలిపెడుతుందా? ఆయన హోర్డింగు ఫోటో మీద కమోడు అతికించి పంపారు. దాని కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళలో సగంమంది మా ఇంట్లో భోంచేసినవాళ్ళు. ఒక ఆంటీ నాకు విడిగా ఫోన్ చేసి, "పాపం, మీ ఆయనకు ఇప్పుడు కంట్రోల్ ఉంటోందా?" అని పరామర్శించింది.

అన్నిటికంటే మా అమ్మాయి చేసిందే ఎక్కువ. ఆ పిల్ల స్కూలు నుంచి ఇంటికి రోజూ వాళ్ళ నాన్న బస్సులోనే వచ్చేది. ఒక వాన రోజు ఆయన స్టాపులో తలుపు తెరిచారు. పిల్ల స్నేహితులతో షెల్టర్ కింద నిలబడి ఉంది. ఆయన్ని చూసి, ఎవరో తెలియనట్టు మొహం పక్కకు తిప్పుకుంది. స్నేహితుల్లో ఒకడు ముక్కు మూసుకుని ఏదో అన్నాడు. అందరితోపాటు తనూ నవ్వింది. ఆయన కాసేపు తలుపు అలాగే తెరిచి ఉంచి, తరవాత మూసుకుని కదిలారు. ఇంటికొచ్చి నాకు చెబుతూ, "చలిగా ఉంది, దానికి కాస్త వేడిగా ఏమన్నా ఇవ్వు" అన్నారు.

నేను అమ్మాయిని నిలదీశాను. "అందరి ముందూ అదెందుకు చెప్పాలి మమ్మీ? నేనేం చేశాను?" అని తిరిగి అడిగింది. తిట్టాలని వెళ్ళినదాన్ని, దాని పక్కన మంచం మీద కూర్చుండిపోయాను.

ఆయన ఊరికి ఆ చివరున్న నార్త్ షోర్ డిపోకు మార్పించుకున్నారు. తెల్లారకముందే బయల్దేరాలి. అక్కడ ఎవరూ పేరు పెట్టి ఏడిపించరు, ఎవరూ పెద్దగా పలకరించరు కూడా. డ్యూటీ ఉన్న రోజు మంచినీళ్ళు తాగడం మానేశారు. కిడ్నీలు పాడవుతాయని డాక్టరు చెప్పింది. నేనూ పోట్లాడాను. వినడం లేదు.

సాధారణ ఎన్నికలు దగ్గరపడ్డప్పుడు ఏజెంటు ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టారు మా ఆయన.

"తమ్ముడూ, ఈసారి కూడా మనం నిలబడదాం. పేరు ఎలాగూ జనంలో ఉంది."

మా ఆయన "డ్యూటీలు ఉన్నాయన్నా, కుదరదు" అని మర్యాదగా చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టి అన్నం ముందు కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి తిరిగి చేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. మా పిల్ల సంగతి, లాకరు సంగతి, నీళ్ళ సంగతి, అన్నీ చెప్పాను. అవతల అతను అడ్డు రాకుండా విన్నాడు.

"అమ్మా, పాలిటిక్స్‌లో ఇవన్నీ మామూలే. మనసులో పెట్టుకోకండి" అన్నాడు చివరికి. "అవునూ, మీరింకా అద్దె ఇంట్లోనే ఉంటున్నారా? కొనే ఆలోచన ఉంటే చెప్పండి. మీ ఏరియాలో మంచివి ఉన్నాయి."