అవ్వకు అందని రొట్టె

నిన్న మిఠాయి కొట్టు ముందు ఎండుద్రాక్ష ఉడుకుతున్న వాసన తగిలి, శింగనమల దగ్గరి మా ఊరి చర్చి కళ్ల ముందుకొచ్చింది. ద్రాక్షరసం కొనలేని సంఘం మాది. ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉన్న ఆదివారాల్లో మా అవ్వ దేవమ్మే ఎండుద్రాక్ష ఉడికించి, గుడ్డలో పిండి, చల్లార్చి ఇచ్చేది. క్రిస్మస్‌కు ఆమె చేసే బెల్లం కజ్జికాయలు, చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పీకే రోజుల్లో మట్టి వాసనతోనే ఒలుచుకు తిన్న పచ్చికాయలు, ఎండకు టప్పుమనే చర్చి రేకులు, అవ్వ చీరకు ఎప్పుడూ అంటుకుని ఉండే ఆముదం వాసన, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. ఆమె ఊరి మంత్రసాని. ఏ కులం ఇంట్లో కాన్పయినా ఆమెకే పిలుపు.

తొంభైల చివర్లో ఒక ఏడు చెనిక్కాయ మొలక నేలలోనే మాడిపోయింది. గొర్రెలను సగం ధరకే సంతకు తోలుతున్నారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, వానకోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నీటిబొట్టు ముట్టకూడదు, చర్చి గడప దాటకూడదు. ఒక్కరు తప్పినా అందరి ప్రార్థనా చెడుతుందన్నారు. నాకు పదకొండేళ్లు. ఆ మాట నేను గట్టిగా నమ్మాను.

మూడో రోజు మధ్యాహ్నం, గొర్రెలు మేపే ఓబులేసు పరుగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"దేవమ్మక్కా, నా పెండ్లాం నొప్పులు పడతాండాది. బిడ్డ అడ్డం తిరిగినట్టుండాది. రాక్కా!"

అవ్వ లేచింది. అయ్యగారి పెదాలు కూడా ఎండి పగిలి ఉన్నాయి. "దేవమ్మా, ఇంక మూడు గంటలే. ఆ తల్లి కోసం కూడా ప్రార్థన చేద్దాం. మన క్రియలతో ఏదీ కాదు, నమ్మి కూర్చో" అన్నారు.

నేను అవ్వ కొంగు రెండు చేతులతో పట్టుకున్నాను. "పోవద్దవ్వా, వాన రాదు."

"వాన పంపేది ఆయన పని మ్మే. బిడ్డను తిప్పేది నా పని. ఇడువు."

తల్లీబిడ్డా బతికారు. వాన మాత్రం రాలేదు. ఒక సాయంత్రం మబ్బు కమ్మింది, గాలికి చెదిరిపోయింది. బోరింగు దగ్గర బిందెల వరుసలో ఒకామె అందరికీ వినపడేట్టు అంది: "ఏమక్కా, ఓబులేసింటికి బిడ్డనిచ్చి, ఊరికి వాన లేకుండా చేసినావే!" ఎవరూ నవ్వలేదు. అవ్వ తన బిందె నింపుకుని వచ్చేసింది. నేనూ పది దినాలు ఆమెతో మాట్లాడలేదు.

బల్ల ఉన్న ఆదివారం వచ్చింది. సంఘం ముందు తప్పు ఒప్పుకుంటేనే అవ్వకు రొట్టె ఇస్తామన్నారు అయ్యగారు. అవ్వ లేచి నిలబడింది.

"కాన్పయినాక దోసెడు నీళ్లు తాగినా అయ్యగారూ. అది తప్పే, ఒప్పుకుంటాండా. పోయినందుకు మాత్రం ఒప్పుకోను."

"పుణ్యకార్యాలు మనల్ని రక్షించవు దేవమ్మా!"

"పుణ్యానికి పోలేదయ్యగారూ. పిలిచినారు, పోయినా."

రొట్టె పళ్లెం ఆమెను దాటి పక్కామె చేతిలోకి వెళ్లింది. ఆ తర్వాత ప్రతి బల్లకూ అంతే. అయినా అవ్వ ఏ ఆదివారమూ మానలేదు, చాప మీద తన చోటు మార్చుకోలేదు.

రెండేళ్లకు నాకు బాప్తిస్మం అయింది. మొదటిసారి రొట్టె అందుకున్న రోజు, సగం తుంచి, ఎవరూ చూడకుండా పక్కనే ఉన్న అవ్వ అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని మళ్లీ నా చేతిలోనే పెట్టి, వేళ్లు మూసింది.

"దొంగతనంగా వద్దు మ్మే. పైనున్న ఆయనే ఇస్తాడు."

ఆ మరుసటి ఏడు అవ్వ పోయింది. అప్పటిదాకా ఆమెకు రొట్టె ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ రేకులు లేవు, చర్చికి స్లాబు పడింది. కాన్పులకు ఆంబులెన్సు వస్తుంది. వానకోసం నీళ్లు మానేవాళ్లు లేరు. విశ్వాసం గొప్పదా, క్రియలు గొప్పవా అని ప్రసంగాలు వింటూనే ఉన్నాను. అవ్వలాగా ఖాళీ చేతులతో అంత నమ్మకంగా కూర్చున్న మనిషిని మాత్రం మళ్లీ చూడలేదు.