ఎద్దులు ఎరిగిన గొంతు

మొన్న కోలారులో ఒక జానపద సంగీత సభకు వెళ్లాను. జరీ తలపాగా చుట్టుకున్న కుర్రవాడొకడు కీబోర్డు మోతల నడుమ కపిల పాట పాడాడు. బాగానే పాడాడు, జనం ఈలలు కూడా వేశారు. ఆ పాట మనుషుల కోసం పుట్టింది కాదని వాళ్లకెవరు చెప్పాలి?

చిన్నప్పుడు సెలవులకు కేజీఎఫ్ నుంచి బూదికోట దగ్గరున్న మేనమామ ఊరికి వెళ్లేవాళ్లం. ఇంటి వెనకే కపిల బావి. ఎద్దుల జత పల్లంలోకి దిగుతూ తాడు లాగితే తోలు బాన నిండా నీళ్లు పైకొచ్చి కాలువలో పడేవి. బాన మళ్లీ బావిలోకి దిగాలంటే ఎద్దులు వెనక్కి నడవాలి. ఏ ఎద్దుకైనా అది ఇష్టంలేని పని. మామ పాట ఎత్తుకుంటే మాత్రం కర్ర తగలకుండానే ఒక్కో అడుగూ వెనక్కి వేసేవి. అదే ఆయన ఇంట్లో కూనిరాగం తీస్తే అత్త ఊరుకునేది కాదు. "పోయి ఎద్దులకి పాడుకోప్పా, అవైతే పారిపోలేవు" అనేది.

ఒక ఏడు మామకు జ్వరం తగిలి గొంతు పూర్తిగా పోయింది. వాన జాడ లేదు. రాగి నారు వాడిపోతోంది, అది పోతే ఆ ఏటికి సంకటి లేనట్టే. పక్క చేను పెద్దాయన వచ్చి మామ పాటే పాడి చూశాడు, అదిలించాడు, బతిమాలాడు. పల్లంలో నిలబడ్డ ఎద్దులు కదిలితే ఒట్టు. "ఇంగ నా వల్ల కాదమ్మా, మొండికేసినాయి" అని పగ్గాలు వదిలేశాడు.

అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆ ఎద్దులు ఆమె పుట్టింటివి, వాటికి కపిల నేర్పింది ఆమె తండ్రి. పైట నడుముకు దోపి, గొంతు లావు చేసి పాట ఎత్తుకుంది. అది మామ పాట కాదు. అంత బరువైన మగ గొంతు ఆమెలో ఇన్నాళ్లూ ఎక్కడుందో! ఎద్దులు చెవులు రిక్కించి, కాసేపు ఆగి, వెనక్కి అడుగు వేశాయి.

దుప్పటి కప్పుకుని మామ జ్వరం మత్తులో తూలుతూ వచ్చి చుట్టూ చూశాడు. "యాడే మీ నాయన? ఎప్పుడొచ్చినాడు?" అన్నాడు, వినీ వినపడని గొంతుతో. అత్త కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పాట మాత్రం ఆపలేదు. ఆపితే ఎద్దులు ఆగిపోతాయి.

అత్త తండ్రి చనిపోయి అప్పటికి మూడేళ్లు. ఆ పొద్దు మా నారుమడి తడిపింది ఆయనే. పోయిన కాలం తిరిగి రాదని ఎవరైనా అంటే, ఇప్పటికీ నేను తొందరపడి తల ఊపను.