గాజు తలుపుకు మోగిన పెట్టె

2022 వేసవి. అమలాపురంలో ముమ్మిడివరం వెళ్ళే రోడ్డు మీద నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ముందొక రేకుల వసారా, లోపల ఒక గది, గోడ నిండా వైర్ల చుట్టలు. కార్లకు వైరింగు, హెడ్‌లైట్లు, హారన్లు, ఉదయం స్టార్టవని బళ్ళు, ఇదే నా పని. ఆ వేసవిలో మా షాపుకు రెండు ఫర్లాంగుల అవతల, సెంటరు దగ్గర రత్నరాజు కార్ల డెకరేషన్ షాపు తెరిచాడు. దానికి దగ్గరికి వెళితే తనంతట తనే పక్కకు జరిగే గాజు తలుపు పెట్టించాడు. నా వృత్తిలో మరిచిపోలేని కేసు ఏదని ఎవరడిగినా, ఆ తలుపు దగ్గరే మొదలుపెట్టాలి.

రత్నరాజూ నేనూ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పనిలో నాకంటే తక్కువవాడనే నా నమ్మకం. ఫ్యూజు పోయిందో, రిలే పోయిందో తేల్చుకోవడానికి అరగంట పట్టేది వాడికి. కానీ మాట తియ్యన, ముఖంలో నవ్వు చెరగదు. అలాంటివాడికి ఏసీ షాపూ, గాజు తలుపూ, నాకు రేకుల వసారానా? కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే పోసుకున్నాను, దాచడమెందుకు.

ఓపెనింగుకు నన్ను పిలవడానికి ఇంటికొచ్చాడు. "అన్నయ్యా, పాస్టరుగారు పదింటికి ప్రార్థన చేస్తానన్నారు. నువ్వూ వదినగారూ ముందే వచ్చి నిలబడాలి" అన్నాడు. ఆయ్, వస్తాం అన్నాను. వెళ్ళాను కూడా. లోపలికి మాత్రం వెళ్ళలేదు. రోడ్డుకు ఇవతల కారు ఆపుకుని, అద్దాలు ఎత్తుకుని, వచ్చేపోయే జనాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నా కారు డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న నల్లపెట్టె ఉంది. గల్ఫు నుంచి వచ్చిన ఒకాయన వైరు తెగిందని రిపేరుకిచ్చాడు. దాన్ని రాడార్ డిటెక్టర్ అంటారు. పోలీసులు రోడ్డు పక్కనుంచి రాడార్ తరంగాలు వదిలి, అవి బండికి తగిలి వెనక్కి వచ్చే తీరును బట్టి వేగం లెక్కగడతారు. ఈ పెట్టె ఆ తరంగాల్ని ముందుగానే విని కీచుమంటుంది. డ్రైవరు కాలు తీస్తాడు. అమెరికాలో పోలీసులు రాడారు పట్టుకున్న కొన్నేళ్ళకే ఇవి పుట్టాయట. మొదట్లో డ్రైవరు తల మీదుండే సన్‌వైజరుకు తగిలించుకునేవారు. పోలీసులు తరంగం మారిస్తే పెట్టె చేసేవాళ్ళు కూడా పెట్టెను మార్చారు. ఒక్కో తరంగాల వరుసను బ్యాండ్ అంటారు. ఒక బ్యాండ్ వినే పెట్టె పోయి రెండూ మూడూ వినేవి వచ్చాయి. ఇలా దొంగా పోలీసూ ఆట ఆడుతుండగా, పోలీసుల చేతికి లేజర్ గన్ వచ్చింది. అది రాడారులా నలువైపులా పరుచుకోదు, సన్నటి వెలుగు మన బండి మీదే పడుతుంది. చాలాసార్లు పెట్టె దాన్ని పసిగట్టదు, పసిగట్టి అరిచినా అప్పటికే మన వేగం వాళ్ళ తెర మీద ఉంటుంది. మా హైవే మీద నేను చూసినవన్నీ లేజర్ గన్లే.

ఆ పెట్టెకు వైరు అతికించి, పనిచేస్తోందో లేదో చూద్దామని కారులో పెట్టుకున్నాను. రత్నరాజు షాపు ఎదుట ఆగగానే కీచుకీచుమని ఒకటే గోల. చుట్టూ చూస్తే పోలీసుల్లేరు. గాజు తలుపు పైన వేలెడంత మోషన్ సెన్సర్ ఉంది. మనిషి రావడాన్ని కనిపెట్టి తలుపు తెరిపించే పరికరం అది. అలాంటివి చాలావరకు రాడార్ తరంగాలతోనే పనిచేస్తాయి. కారు ముందుకు తీస్తే గోల తగ్గింది, వెనక్కి తెస్తే పెరిగింది. సంగతి అర్థమై నవ్వుకుని, లోపల కేకు కోస్తుంటే ఇంటికొచ్చేశాను.

రెండు నెలలకు రత్నరాజు అవే పెట్టెలు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. కొనేవాణ్ణి షాపు ముందు కారులోనే కూర్చోబెట్టి స్విచ్చి వేసేవాడట. పెట్టె మోగేది. "చూసేరా అండి? సెంటర్లో ట్రాఫిక్ పోలీసులున్నారు కదండి, ఇక్కణ్ణించే పట్టేసింది" అనేవాడట. అబ్బ, ఎంత మోసగాడు, అనుకున్నాను. మోసగాడనుకోవడంలో నాకెంత సుఖం దొరికిందో చెప్పలేను. ఏదో ఒక రోజు బయటపడుతుందిలే అని ఎదురుచూశాను.

వెంకన్నగారు నా దగ్గరకొచ్చింది అప్పుడే. ఆయనది సొంత టూరిస్టు కారు, ఇల్లు మా షాపు దాటాక అదే రోడ్డులో. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రి ఎయిర్‌పోర్టుకు రోజుకొక ట్రిప్పు. విమానం వేళకు చేర్చాలి కాబట్టి కాలు ఎప్పుడూ యాక్సిలరేటర్ మీదే. ఆయన కొన్న మొదటి కారు నుంచీ వైరింగంతా నా చేతి మీదే జరిగింది.

"మేస్త్రిగారూ, రత్నరాజుగారు ఏదో డిటెక్టర్ పెడుతున్నారంట. మంచిదేనంటారా? మీరు ఊఁ అంటేనే పెట్టించుకుంటానండి" అన్నారు.

ఒక్క మాట చాలు. ఇది మన హైవేకి పనికిరాదండి, అంటే అయిపోయేది. కానీ నాకు వినిపించింది రత్నరాజుగారు అన్న మాటే. ఇన్నేళ్ళ నా ఖాతాదారు కూడా ఆ గాజు తలుపు వైపే చూస్తున్నాడా అని ఒళ్ళు మండింది.

"పెట్టించుకోండి. పెద్ద షాపు, వాళ్ళకు తెలీకుండా ఉంటుందా?" అన్నాను, టెస్టరు తుడుచుకుంటూ.

ఆయన పెట్టించుకున్నారు. తర్వాత కనబడిన ప్రతిసారీ దాన్ని మెచ్చుకోవడమే. "ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర కూడా మోగిందండీ! అక్కడుండేది పోలీసులే కదండి మరి. భలే పట్టేస్తోంది" అన్నారొకసారి. ఎయిర్‌పోర్టు గుమ్మానికున్నవీ జరిగే తలుపులే. నవ్వు ఆపుకుని, "బాగుందండి" అన్నాను. హైవే మీద అది ఎప్పుడూ మోగేది కాదు. మోగకపోతే పోలీసుల్లేరని ఆయన నమ్మకం, ఆ నమ్మకంతో కాలు ఇంకాస్త నొక్కేవారు.

వానాకాలం పోయాక ఒక మధ్యాహ్నం ఆయన ఆటోలో వచ్చారు. కనుబొమ మీద కుట్లు, చేతిలో ఆ పెట్టె. రావులపాలెం దాటిన కాసేపటికి అరటి గెలల వ్యాను పక్కరోడ్డు నుంచి హైవే ఎక్కిందట. ఈయన వేగానికి బ్రేకు వేసినా కారు ఆగక, తప్పించబోయి డివైడరుకు కొట్టారు. వెనక సీట్లో ఉన్న పెద్దావిడకు చెయ్యి విరిగింది. అంతకు కిలోమీటరు ముందే పోలీసులు ఆయన వేగాన్ని లేజర్ గన్‌తో కొలిచేశారట. లైసెన్సు సస్పెండవుతుందన్నారు.

"ఇది నోరెత్తలేదండి. అంత దగ్గర్లో పోలీసులుంటే ఎందుకు మోగలేదండి? రత్నరాజుగారి దగ్గరికెళ్ళలేదు. మీరైతే నిజం చెబుతారని వచ్చేనండి" అన్నారు.

ఆయన కుట్లు చూసి నాకు బాధ కలిగిందనే రాయాలని ఉంది. కలిగింది, కానీ తర్వాత. ముందు కలిగింది మాత్రం, రత్నరాజు బయటపడే రోజు వచ్చింది అన్న సంతోషం. "రండి, అక్కడే చూపిస్తాను" అని ఆయన్ని నా కారెక్కించాను.

సాయంత్రం వేళ, రత్నరాజు షాపులో అయిదారుగురు కొనుగోలుదారులున్నారు. సరిగ్గా నాకు కావలసినంత జనం. పెట్టెకు కనెక్షనిచ్చి గుమ్మానికెదురుగా కారు ఆపాను. కీచుమంది. అందర్నీ బయటికి పిలిచాను. "రత్నం, నీ తలుపు మెయిన్ ఒకసారి ఆపు" అన్నాను. వాడు అయోమయంగా చూసి లోపలికెళ్ళి స్విచ్చి ఆపాడు. పెట్టె నోరు మూసుకుంది. మళ్ళీ వెయ్యమన్నాను. మోగింది. సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబుల్ తన మానాన తాను ఈల వేసుకుంటున్నాడు.

"పోలీసుల్ని కాదండీ ఇది పట్టింది, ఈ తలుపుని. హైవే మీద లేజర్ గన్‌కి ఇది ముందుగా మోగనే మోగదు" అని గొంతు పెంచి అందరికీ వినబడేలా చెప్పాను.

రత్నరాజు తిడతాడనుకున్నాను. బుకాయిస్తాడనుకున్నాను. వాడు వెంకన్నగారి కుట్లు చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాకు తెలీదండి. దేవుడి తోడు, పోలీసులకే మోగుతుందనుకున్నానండి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అన్నయ్యా, నీకెప్పుడు తెలిసింది?"

అంతమంది ముందు గొప్ప చెప్పుకునే అవకాశం. వదులుకోలేదు. "నీ షాపు ఓపెనింగు రోజే. ఎదురుగా కారులో కూర్చునే కనిపెట్టాను" అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. వెంకన్నగారు మెల్లగా నా వైపు చూశారు.

"అయితే నేను మిమ్మల్ని అడిగిన రోజున కూడా మీకు తెలుసన్నమాట."

పెట్టె ఇంకా మోగుతూనే ఉంది. ఆయనే చెయ్యి చాపి వైరు పీకేశారు. "తెలీక అమ్మేరు ఈయన. తెలిసి ఊరుకున్నారు మీరు. పెద్దావిడ చెయ్యి విరిగిందండి" అని మళ్ళీ నా కారెక్కకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

రత్నరాజు ఆ సాయంత్రమే కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి, పిలిపించి, పెట్టెలు విప్పేశాడు. ఆ ఆదివారం చర్చి దగ్గర ఎదురుపడి ఒక్క మాటే అన్నాడు. "ఆ రోజు లోపలికొచ్చి ప్రార్థనలో నిలబడి ఉంటే, నాకు చెప్పేవాడివి కదా అన్నయ్యా." నిష్టూరంగా అన్నా నాకు బాగుండేది. బాధగా అన్నాడు.

లైసెన్సు తిరిగొచ్చాక వెంకన్నగారు కారుకు హెడ్‌లైట్లు మార్పించుకున్నారు. నా షాపు ముందునుంచే వెళ్ళి గాజు తలుపు ముందు ఆపారు. ఫ్యూజుకూ రిలేకూ తేడా తేల్చుకోలేనివాడి దగ్గర! పనితనంలో అప్పుడూ ఇప్పుడూ నేనే మిన్న. కానీ ఏదైనా అడిగితే రత్నరాజు తనకు తెలిసినంత చెబుతాడు, నేను చెప్పలేదు.

ఇప్పుడు నా దగ్గరకొచ్చి ఏ పరికరం గురించి అడిగినా, తెలిసింది అక్కడికక్కడే చెప్పేస్తున్నాను. కెమెరాలూ సీటు కవర్లూ అయితే రత్నరాజు దగ్గర బాగుంటాయనే చెబుతాను. చెబుతున్నప్పుడు కడుపు మండుతుంది. అది ఆరాక చెబుదామని ఆగితే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి, మండుతుండగానే చెప్పేస్తాను. వెంకన్నగారి కారు రోజూ నా షాపు ముందునుంచే ఎయిర్‌పోర్టుకు వెళుతుంది. ఇదివరకు హారన్ కొట్టి చెయ్యి ఊపేవారు. ఆ హారన్ నేను బిగించిందే. ఇప్పుడు కొట్టరు.