తొమ్మిది రకాల టమాటా నారు

2022 వానాకాలం. మైదుకూరు దాటాక రోడ్డు పక్కన షేడ్‌నెట్, అంటే ఎండను సగానికి తగ్గించే పచ్చ వల, కప్పి నారు అమ్మడం మొదలుపెట్టిన రెండో ఏడు. మా నాయనది బట్టల అంగడి. ఎన్ని చీరలు విప్పి చూపిస్తే బేరం అంత గట్టిదనేవాడు. ఆ పాఠం మోసుకొచ్చి తొమ్మిది రకాల టమాటా నారు పెంచాను. విప్పిన చీరను సాయంత్రానికి మడిచి పెట్టుకోవచ్చు. ముదిరిన నారును మడవలేమని నా తెలివికి అప్పటికి తట్టలేదు.

ఆ పొద్దున ఓబులమ్మ ఆటో దిగింది. ఆమెకున్నది ఎకరా చేను, సన్నగా పోసే బోరు. రాత్రి వానకు నేల తడిసి నాటుకు పదునైంది. కూలీలు గట్టు మీద కూర్చున్నారని, మధ్యాహ్నంలోగా నారు చేరకపోతే వేరే చేనికి పోతారని వచ్చీరాగానే చెప్పింది.

నేను ప్రోట్రేలు, అంటే గుంటకో మొక్క పెరిగే ప్లాస్టిక్ పళ్ళేలు, ఒక్కొక్కటే ఎత్తి చూపించాను. ఒకదాని కాయ బరువు. ఒకదాని తోలు మందం. ఇంకోటి లారీలో ఎంత దూరం పోయినా చెడదు. ఆమె దేని మీద చెయ్యి వేస్తే అది మంచిదన్నాను. చెయ్యి తీసి పక్కదాని మీద వేస్తే అదీ మంచిదే అన్నాను. అంగడివాడి బిడ్డ తన సరుకును తక్కువ చేసి మాట్లాడడు కదా. వెనక ముగ్గురు రైతులు నిలబడి వింటున్నారు. ఎండెక్కుతోంది. ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఆమె ఫోన్ మోగింది. గట్టు మీదివాళ్లే.

ఫోన్ పెట్టేసి నా ముఖంలోకి చూసింది.

"అన్నీ మంచివే అంటాండావు. అట్లయితే తొమ్మిది ఏంటికి పెంచినావప్పా?"

నవ్వి తప్పించుకోబోయాను.

"నవ్వొద్దు. ఈ పదును పోతే ఈ ఏడు నా చేను బీడే. నీ పెరట్లో ఏం నాటుకున్నావో అది చెప్పు."

నా బోరూ సన్నదే. పెరట్లో నాటింది ఒకే రకం. కాయ చిన్నది, చూపుకు ఆనదు, కానీ నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. లాభం తక్కువని దాని ట్రేలను మూలకు తోశాను. ఆ మాట చెబితే ఆ ముగ్గురి ముందు మిగతా ఎనిమిదీ మట్టిపాలు. చెప్పకపోతే ఈమె చేను మట్టిపాలు.

"ఆ మూలనుండేదక్కా. మన మాదిరి బోర్లకు అదే."

మూలనున్న ట్రేలన్నీ ఆటోకెక్కించుకుని, అంత కంగారులోనూ వాటిలో ఒకటి కొసరు కింద రాయించుకుని పోయింది. ముగ్గురూ మాకూ మూలదే కావాలన్నారు. మూల ఖాళీ. ఈసారి ట్రే ఎత్తకముందే అడిగాను. బోర్లో నీళ్లెట్లున్నాయి, కాయ ఎక్కడికి తోలతారు అని. ఇద్దరు కొన్నారు. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. మిగిలిన నారు ముదిరి దిబ్బలో కలిసింది.

మరుసటేడు ఓబులమ్మ మళ్లీ వచ్చింది. కాపు బాగుందని నోటితో అనలేదు. రావడమే చాలనుకున్నాను. ఎన్ని రకాలని అడిగితే నాలుగన్నాను.

"నాది ఒకటి. తక్కిన మూడు ఎవురికి?"

బోరు నిండా నీళ్లున్నవాళ్లకు ఒకటి, దూరం తోలేవాళ్లకు ఒకటి, పెరట్లో పులుసుకు నాలుగు మొక్కలు వేసుకునేవాళ్లకు ఒకటి. వేళ్లు మడిచి చెప్పాను. ఐదో రకం మీద మనసు పోయినప్పుడల్లా ఆమె ప్రశ్న నన్ను నేనే అడుగుతాను. ఎవురికి? జవాబు రాకపోతే విత్తనం కొనను.