ఎస్తేరు టీచరుగారి ముందుగదిలో అంతరిక్షం

మొన్న ఆఫీసు లిఫ్టులో నా వెనక గంజి పెట్టిన నేతచీర గరగరలాడింది. ఆ చప్పుడుకు నా వీపు దానంతటదే నిటారైంది. చేతిలోని ఫోను సంచిలోకి వెళ్ళిపోయింది. తిరిగి చూస్తే ఎవరో తెలియనావిడ. ఎస్తేరు టీచరుగారు పోయి రెండేళ్ళు కావస్తోంది. అయినా ఆ గరగర వినబడితే నేను ఇప్పటికీ విద్యార్థినినే.

విజయనగరంలో ఇంజనీరింగు చదివే రోజుల్లో ఆవిడ ఇంటి మేడగదిలో అద్దెకుండేదాన్ని. మాది నౌపడ. నాన్న ఉప్పు మళ్ళలో మేస్త్రీ. టీచరుగారు మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తరగతిలో ఎలా మాట్లాడేవారో గాని, ఇంట్లో మాత్రం అచ్చం మా అమ్మలాగే మాట్లాడేవారు. ఆదివారం చర్చిలో పాటల బృందాన్నీ, మిగతా రోజుల్లో మా వీధినీ ఆవిడే నడిపేవారు. దుకాణాల బోర్డుల మీద ఇంగ్లీషు తప్పు కనబడితే యజమానిని పిలిపించి దిద్దించేవారు. మలుపులో ఉండే దర్జీ ఈ బాధ పడలేక తన బోర్డు మొత్తం తెలుగులోకి మార్చేసుకున్నాడు.

మూడో సంవత్సరంలో నాకొక ఆశ పుట్టింది. ఏ ఊరి మీదుగా ఏ ఉపగ్రహం ఎప్పుడు వెళుతుందో లెక్కగట్టి చెప్పే సాఫ్ట్‌వేరొకటి ఉంది. దాన్ని ప్రపంచం నలుమూలల నుంచీ ఎవరెవరో కలిసి ఉచితంగా తయారుచేస్తారు. ఏటా వేసవిలో కొందరు విద్యార్థులను చేర్చుకుని పని నేర్పిస్తారు. దానికి దరఖాస్తు రాసి, ఇంగ్లీషు దిద్దమని టీచరుగారి చేతికిచ్చాను. మొదటి వాక్యం దగ్గరే కళ్ళజోడు పైకి జరిగింది.

“‘బాల్యం నుండి నక్షత్రాలు నన్ను పిలుస్తున్నాయి.’ ఏటే ఇది? నిన్నెప్పుడు పిలిసేయి?”

“అందరూ అలాగే రాస్తారండి.”

“అబద్ధమాడితే ఆడేవు గాని, వ్యాకరణం తప్పకుండా ఆడు” అంటూ ఆ పేరా మొత్తం కొట్టేశారు. తర్వాత ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని అడిగారు. ప్రోగ్రాం అంతా బయటపెట్టి ఉంటుందనీ, ఎవరైనా చూడవచ్చనీ, బాగుచేయవచ్చనీ చెప్పాను.

“అంటే తలుపు తీసే ఉన్నాదన్నమాట. మరి నువ్వు గుమ్మం కాడ నిలబడి వణుకుతన్నావేటి?”

దరఖాస్తు పంపేముందు ఆ ప్రాజెక్టు పెద్దాయనొకరు వీడియోకాల్‌లో మాట్లాడతానన్నారు. మేడమీద సిగ్నల్ అందదు. అందుకని సాయంత్రం టీచరుగారి ముందుగదిలో, ఇస్త్రీ చేసిన చుడీదారుతో కూర్చున్నాను. ఆవిడ కెమెరాకు కనబడకుండా పక్కన కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పెద్దాయన ఏదో చలిదేశం వాడు, ఇంట్లో కూడా మఫ్లరు తీయలేదు. మంచివాడే, కాని మాట వేగం. నేను చేయవలసిన పని గురించి ఆయన గడగడా చెప్పుకుపోతుంటే నేను “ఎస్ సర్, ఎస్ సర్” అంటూ తలూపుతున్నాను. నాకు అందింది సగం. ఆ సగం కూడా తప్పని అప్పటికి తెలియదు.

ఉన్నట్టుండి గంజిచీర గరగరలాడింది. టీచరుగారు కుర్చీతో సహా జరిగి తెరలోకి వచ్చేశారు. ఒళ్ళో చిక్కుడుకాయల చేట.

“సర్, మీరు చెప్పేది ఈ అమ్మాయికి అర్థం కావడం లేదు. దయచేసి నిదానంగా మళ్ళీ చెప్పండి” అన్నారు, స్వచ్ఛమైన ఇంగ్లీషులో.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వాడు. తను చెప్పిన తీరే బాగాలేదంటూ, ఈసారి బొమ్మ గీసి మొదటినుంచీ చెప్పాడు. అప్పుడు తెలిసింది. ఉన్న లెక్కలు సరిగ్గా వస్తున్నాయో లేదో పరీక్షించే పని వాళ్ళకు కావాలి. నేనేమో ఆ లెక్కలన్నీ తీసేసి కొత్తవి రాస్తానని దరఖాస్తు నింపి కూర్చున్నాను! అలాగే పంపి ఉంటే చెత్తబుట్టలోకే పోయేది.

ఆ సంగతి తెలిసి కూడా, కాల్ అయిపోగానే ఆవిడ మీద విరుచుకుపడ్డాను. “నా పరువు తీసేశారండీ!”

“బుర్రూపడం పరువేటే? నా సర్వీసంతా బుర్రూపే పిల్లల్నే సూసేను. ఆళ్ళందరికీ అర్థమైందనుకునేదాన్ని. పరీక్ష పేపర్లు దిద్దినపుడు తెలిసేది, నేనెంత బాగా సెప్పేనో.” కాసేపు కాయలు ఒలిచి, నెమ్మదిగా అన్నారు. “ఒక్కరైనా సెయ్యెత్తి అడిగుంటే బాగుణ్ణు కదా.”

దరఖాస్తు తిరగరాశాను. ఎంపికయ్యాను. ఆ ఆదివారం టీచరుగారు నన్ను వెంటబెట్టుకెళ్ళి, చర్చిలో లేచి, మా పార్వతికి అంతరిక్షంలో పని దొరికింది, ప్రార్థన చేయండని ప్రకటించారు. ఒక ముసలాయన నా తలమీద చెయ్యి వేసి, “అక్కడ గాలుండదంట కదమ్మా, జాగర్త” అన్నాడు. ఎవరో నౌపడలోని చుట్టాలకు ఫోన్ చేసినట్టున్నారు. మధ్యాహ్నానికి అమ్మ నుంచి కాల్.

“ఒసే పారూ, రాకెట్టెక్కుతన్నావంటేటి? మీ నాన్న అన్నం ముట్టలేదు!”

ఎంత చెప్పినా నాన్న నమ్మలేదు. చివరికి టీచరుగారే ఫోను అందుకున్నారు. “తమ్ముడూ, పిల్ల నేలమీదే ఉంటాది. కంప్యూటరే పైకి సూస్తాది. నువ్వు బోంచెయ్యి.” అప్పటికి గాని నాన్న కంచం ముందు కూర్చోలేదు.

ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. నా చుట్టూ అందరూ నాకంటే బాగా చదువుకున్నవాళ్ళు, ధాటిగా మాట్లాడేవాళ్ళు. మీటింగుల్లో ఎవరైనా గడగడా చెప్పుకుపోతుంటే నా తల ఇప్పటికీ ఊగబోతుంది. దాన్ని ఆపి, చెయ్యెత్తి, “నాకు అర్థం కాలేదండి, మళ్ళీ చెప్పండి” అంటాను. అన్నప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి, అది మాత్రం పోలేదు. అందరి తలలూ నావైపు తిరుగుతాయి. తర్వాత ఏ మూల నుంచో, ఎవరో సన్నగా “నాకూ” అంటారు.