ఆ గడిలో ఉండిపోయిన మాట

కాదు, వాడిన మనిషి తప్పు కాదు. మా టీమ్ లీడ్‌కి అప్పుడూ అదే చెప్పా, ఇప్పుడడిగినా అదే చెప్తా. స్క్రీన్ పిచ్చి వేషాలేస్తే ముందు దాన్ని వాడిన మనిషిని అనేయడం ఏంటసలు? పైగా ఆ మనిషి మా అక్కైతే నాకు మండదా?

సొంత అక్కేం కాదు. హామిల్టన్‌లో ఉన్నప్పుడు రోటోటూనా అనే పేటలో ఫ్లాట్‌లో నాతో పాటు ఉండేది. గుంటూరు నుంచి చదువుకోడానికొచ్చి, పెద్దవాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. ఆ హోమ్ వాడే వెబ్ యాప్ మా కంపెనీదే. దాని కోడ్ నేను చేరేసరికే ఎవరో రాసేసి వెళ్ళిపోయారు. ఒక పేజీలో అక్కడుండేవాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి, ఒక్కో పేరు కింద నోట్ రాసే గడి. కేర్‌గివర్లు ట్రాలీ మీద టాబ్లెట్ పెట్టుకుని టైప్ చేస్తారు. అది వాళ్ళ పిల్లలకీ ఫోన్‌లో కనిపిస్తుంది.

ఒకరోజు ఒక పెద్దావిడ కూతురు తన ఫోన్‌లో అమ్మ నోట్ తెరిస్తే ఇలా ఉంది: సాయంత్రం ఆయన వస్తారు, కిటికీ దగ్గర కుర్చీ కదపొద్దు, రెండో కప్పు టీ పెట్టండి.

ఆ కూతురి నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మ గదికొస్తున్న ఆయనెవరని కంప్లైంట్ పెట్టింది. రికార్డులో చూస్తే అక్క లాగిన్. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. అక్క వీసా మొత్తం ఆ ఉద్యోగం మీదే వేలాడుతోంది.

గదిని వేడిచేసే హీట్ పంప్ కింద దుప్పటి కప్పుకుని కూర్చుని అక్క చెప్పింది, ఆ మాటలు తనవేనట. కానీ ఆ కూతురి అమ్మ గురించి కాదు, పక్క గది ఆవిడ గురించి, ఆయనంటే ఎప్పుడో పోయిన ఆవిడ మొగుడు. ఆ పక్క గది ఆవిడ కంప్లైంట్‌కి కొద్ది రోజుల ముందే పోయింది.

"చచ్చిపోయిన మొగుడొస్తాడని రాశావా నువ్వు?" అన్నా.

"పెద్దావిడ వస్తారంటుంటే, రారు అని రాయనా? చెయ్యెలా ఆడుతుందే?"

అదీ అక్క. వేరే ఎవరైనా అయితే మతి స్థిమితం లేదని ఒక్క ముక్క రాసి పక్కకెళ్ళేవాళ్ళు.

లీడ్ మాత్రం తప్పు గడిలో టైప్ చేసుంటుందిలే, ఆ కంప్లైంట్ టికెట్ మూసెయ్ అన్నాడు. మనిషి చెడ్డోడు కాదు, కానీ ఆ మాట అన్నందుకు ఆఫీసులో అందరూ తలెత్తి చూసేలా అరిచా.

శనివారం మధ్యాహ్నమైనా బయట మంచు విడలేదు. పక్కింటి కంచె కూడా కనపడట్లేదు. మా యాప్ టెస్ట్ సైట్‌లో మనుషుల పేర్లకి బదులు కూరగాయల పేర్లు పెట్టా. అక్క టాబ్లెట్‌లో ఉన్నట్టే నా ఫోన్‌లో ఆ పేజీ తెరిచి, సొరకాయ కింద కుర్చీ కదపొద్దు అని టైప్ చేశా. ఫోన్ టేబుల్ మీద పెట్టేశా. ఎవరైనా పోతే హోమ్ వాళ్ళ ఆఫీసులో పేరు తీసేస్తారు కదా, అలాగే లాప్‌టాప్‌లో సొరకాయని తీసేశా.

ఫోన్‌లో సొరకాయ మాయమైంది. కిందున్న బెండకాయ ఆ చోటికి జరిగింది. మాట మాత్రం కదల్లేదు. కాసేపటికి గడి మూలన సేవ్ అయింది అని వెలిగింది. ఫోన్ని నేను ముట్టుకోలేదు. ఎప్పుడూ చేతిలో ఉండే ఫోన్, దాన్ని మళ్ళీ తీసుకోవాలంటే చెయ్యి రాలేదు.

కారణం చిన్నదే. ఆ స్క్రీన్‌కి మనుషులు తెలీదు, వరస తెలుసంతే. నాలుగో మనిషి పోతే ఐదో మనిషొచ్చి నాలుగో గడిలో కూర్చుంటుంది, గడిలో పాత మాట అలాగే ఉంటుంది. ఒక్కో గడికి దానిదే అయిన గుర్తు ఇవ్వమని మేం వాడే కోడ్ లైబ్రరీ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక నోరు మూయించడానికి ఎవరో మహానుభావుడు వరస నంబర్నే గుర్తుగా ఇచ్చేశాడు. దాని బదులు ఎవరి ఐడీ వాళ్ళకి ఇచ్చా. ఒక్క లైను. మార్చకముందు ఏం జరుగుతుందో వీడియో తీసి లీడ్‌కి పంపా. తనే హోమ్‌కి రాశాడు. అక్కని మళ్ళీ డ్యూటీకి పిలిచారు.

అక్కడితో అయిపోయిందనుకున్నా. మళ్ళీ డ్యూటీకెళ్ళిన మొదటిరోజు సాయంత్రమే అక్క ఫోన్ చేసింది, గొంతు బాగా తగ్గించి. తప్పు నోట్ తీసేశారట, కుర్చీ కూడా అవతల పెట్టేశారట. ఆ కూతురి అమ్మేమో ఆయనొస్తే ఎక్కడ కూర్చుంటాడని అడుగుతోందట.

అందులో ఏముంది, ఆ నోట్ చూసి మీవాళ్ళు ఇన్నాళ్ళూ కుర్చీ వేశారు, రెండో కప్పు పెట్టారు, ఆవిడకి అలవాటైపోయింది అన్నా.

"ఆ కప్పులో చక్కెర వద్దంటోందే. ఆయనకి పడదంట. ఇదే మాట పోయినావిడ నాతో రోజూ అనేది. అది నేనెక్కడా రాయలేదు."

సేవ్ అయిన నోట్స్ అన్నీ ఫోన్లోనే వెతికా. చక్కెర అన్న మాటే లేదు.

మళ్ళీ ఉద్యోగం మీదకి తెచ్చుకోకు, ఆ కుర్చీ జోలికెళ్ళకు అని అరిచా. అప్పటికే తెచ్చి వేసేసిందట. గడిలో మాత్రం ఏమీ రాయలేదంది.

పక్కపక్క గదులు, ఆ పెద్దావిడలిద్దరూ ఎప్పుడో మాట్లాడుకుని ఉంటారు అంటారు మీరు. నేనూ అదే అన్నా. అంత నమ్మకముంటే, ఐదింటికే చీకటి పడే ఆ చలికాలంలో, ఇంకా లైటు వేయకముందు, ఆ రెండో కప్పు పక్కన పెట్టుకుని మీరు ఆ కుర్చీలో కూర్చోండి చూద్దాం. కూర్చుంటారా?